ఆ పాత ఫోను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి

దసరా ఆఫర్‌లో పాత ఫోను ఇచ్చేసి కొత్తది తీసుకుందామనుకుంటున్నానని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఇది మాత్రం ఇవాళే ఆపాలి, ఎందుకంటే మీ కేసు మొత్తం ఆ ఫోనులోనే ఉంది.

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. గుంటూరు మిర్చి యార్డు దగ్గర మీరూ మీ తోడల్లుడూ కలిసి కమిషన్ కొట్టు నడుపుతున్నారు. కొట్టుకు రావలసిన 18 లక్షలు ఆయన తన సొంత ఖాతాలో వేయించుకున్నారు. జనవరిలో మీరు నిలదీస్తే "ఆ డబ్బు నేనే వాడుకున్నాను, ఉగాదికల్లా సర్దేస్తాను" అని వాట్సాప్‌లో రాశారు. ఇప్పుడేమో అది నేను రాయలేదంటున్నారు. పది రోజుల కిందట రాత్రిపూట కొట్టు తెరిచి లెక్కల పుస్తకాలు కూడా పట్టుకెళ్లారు. మీ దగ్గర స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, రెండు కాల్ రికార్డింగులు, కొట్టులో సీసీ కెమెరాలు, ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటరు ఉన్నాయి. వకీలుగారు "63 సర్టిఫికెట్ కావాలి" అన్నారు. మీ బావమరిదికి మీ తోడల్లుడి మెయిల్ పాస్‌వర్డ్ తెలుసు, తెరిచి చూడమంటారా అని అడిగారు.

ఫోన్లు, కంప్యూటర్లలోని సాక్ష్యాలను పరిశీలించడమే నా పని, 17 ఏళ్లుగా ఇందులోనే ఉన్నాను, మొదట ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో, తర్వాత సొంతంగా. కేసు ఎలా నడపాలో మీ వకీలుగారే చెప్పాలి. సాక్ష్యం చెడిపోకుండా ఎలా కాపాడుకోవాలో నేను చెప్పగలను.

స్క్రీన్‌షాట్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అందరూ మోసపోయేది అక్కడే. ఇంట్లో ఇంకో ఫోను తీసుకుని, మీ శ్రీమతి నెంబరును మీ తోడల్లుడి పేరుతో సేవ్ చేయండి. ఆవిడ వాట్సాప్ ప్రొఫైల్‌లో ఆయన ఫొటో కూడా పెట్టండి. ఆవిడ ఫోను నుంచి "ఆ డబ్బు నేనే వాడుకున్నాను" అని పంపించి స్క్రీన్‌షాట్ తీయండి. ఇప్పుడు దాన్నీ మీ దగ్గరున్న ప్రింటునూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనపడదు. మీ తోడల్లుడి వకీలు జడ్జిగారి ముందు ఇదే చేసి చూపిస్తారు. మీరు అబద్ధమాడుతున్నారని ఆయన నిరూపించక్కర్లేదు, ఇలా కూడా చేయొచ్చని చూపిస్తే చాలు.

అదే మెసేజ్ ఫోనులో ఉన్నప్పుడు సంగతి వేరు. వాట్సాప్ తన డేటాబేసులో ఆ మెసేజ్ ఏ నెంబరు నుంచి వచ్చింది, ఏ క్షణంలో వచ్చింది, దానికి ముందూ వెనకా ఏమున్నాయి అన్నీ వరసగా దాచుకుంటుంది. జనవరి నాటి ఒక మాటకు వెనక మూడేళ్ల సంభాషణ ఉంటుంది. లారీ నెంబర్లు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు, మీ ఇద్దరికీ తప్ప మూడోవాడికి తెలియని ఇంటి సంగతులు. అంత చరిత్రను ఎవరూ కూర్చుని పుట్టించలేరు. కోర్టులో నిలబడేది ఆ ఒక్క మాట కాదు, ఆ మాట చుట్టూ ఉన్న ఈ అల్లిక.

అందుకే ఫోను విషయంలో ఇవాళ చేయవలసినవి చెబుతాను. ఆయనతో ఉన్న చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ (కొన్నాళ్లకు మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడండి, ఉంటే ఆఫ్ చేయండి. అనవసరమైనవి అని ఏదీ డిలీట్ చేయకండి. మీరు తిట్టిన మెసేజ్‌లు ఉన్నా సరే, వాటిని తీసేస్తే మిగిలినవాటి మీద కూడా అనుమానం వస్తుంది. వాట్సాప్‌ను అప్‌డేట్ చేయకండి, తీసి మళ్లీ వేయకండి. తర్వాత ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై, బ్లూటూత్ కూడా ఆగాయో లేదో చూసుకుని, ఫోను ఆఫ్ చేసి బీరువాలో పెట్టండి. పిన్ నెంబరు వేరే కాగితం మీద రాసి ఉంచుకోండి. చాలామంది తప్పు చేసే చోటు ఇంకొకటుంది. అదే సిమ్మును కొత్త ఫోనులో వేసి వాట్సాప్ మొదలుపెడితే పాత ఫోనులోది లాగౌట్ అయిపోతుంది. డేటా లోపలే ఉంటుంది గానీ, చాట్ తెరిచి చూపించడం కష్టమవుతుంది. కాబట్టి ఫోనుకు ఇమేజ్, అంటే లోపలున్న డేటాకు ఉన్నదున్నట్టు కాపీ, తీయించేవరకు ఆ నెంబరుతో వేరే చోట వాట్సాప్ తెరవకండి. వ్యాపారం ఆగిపోతుందని నాకు తెలుసు. నాలుగు రోజులు ఇంకో నెంబరుతో నెట్టుకురండి.

డిస్‌ప్లే పోతోందన్నారు కదా. మార్పించాల్సి వస్తే అది మార్చినంత మాత్రాన డేటాకు ఏమీ కాదు. కానీ "ఇచ్చేసి వెళ్లండి, సాయంత్రం రండి" అంటే ఒప్పుకోకండి. ఎదురుగా కూర్చుని చేయించండి, రీసెట్ చేయనివ్వకండి, బిల్లు దాచండి. రేపు ఆ సాయంత్రం ఫోను ఎవరి చేతిలో ఉందని అడిగితే మీ దగ్గర జవాబుండాలి.

అయితే అన్నిటికన్నా తొందర పడవలసింది ఫోను గురించి కూడా కాదు, కొట్టులోని డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డింగు దాచే పెట్టె) గురించి. డిస్కు నిండగానే అది పాత రికార్డింగు మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు పెట్టిన కొట్లలో రెండు మూడు వారాలకే మొదటిది చెరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. మీకు ఇప్పటికే పది రోజులు గడిచిపోయాయి. ఆ రాత్రి ఫుటేజీని ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఆయన వచ్చిన పావుగంట ఒక్కటే కాదు, దానికి ముందు గంట, తర్వాత గంట కూడా కావాలి. మానిటర్ మీద ఆడుతున్నదాన్ని ఫోనుతో వీడియో తీసి వాట్సాప్‌లో పంపుకోవడం పనికిరాదు. అక్కడ బొమ్మ నాణ్యత తగ్గుతుంది, అసలు ఫైలులోని వివరాలు పోతాయి. డీవీఆర్ ఇచ్చే సొంత ఫార్మాట్‌లోనే, దాని ప్లేయర్‌తో సహా, కొత్త పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. కుదిరితే ఆ డిస్కునే తీసి పక్కన పెట్టి, డీవీఆర్‌కు కొత్త డిస్కు వేయించండి. ఆ డిస్కు ఖరీదు మీ 18 లక్షల ముందు లెక్కలోది కాదు.

డిస్కు తీసేముందు ఒక చిన్న పని ఉంది. డీవీఆర్ తెర మీద టైము కనపడేలా పెట్టి, పక్కనే నెట్‌వర్క్ టైము చూపిస్తున్న ఫోను పట్టుకుని, రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి. ఒక బంగారు కొట్టు కేసులో డీవీఆర్ గడియారం 37 నిమిషాలు ముందుంది. ఫుటేజీలో మనిషి 9:20కి కనపడ్డాడు, అదే 9:20కి అతను ఊరి బయట టోల్‌గేట్ దాటిన రికార్డు ఉంది. కేసు అక్కడితో పోయేదే. మేము డిస్కు తీసిన రోజున ఇలాంటి ఫొటో ఒకటి ఉండబట్టి, 9:20 అంటే నిజానికి 8:43 అని చెప్పగలిగాం. ఆ ఫొటో తీయడానికి పట్టింది పది సెకన్లు.

ఇక సర్టిఫికెట్. మీ వకీలుగారు చెప్పింది భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని 63వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమలులో ఉంది. అంతకుముందు సాక్ష్యాధార చట్టంలో 65బీ అనేవాళ్లం. అసలు పరికరం కాకుండా దాని నుంచి తీసిన ప్రింటు, సీడీ, పెన్‌డ్రైవ్ లాంటిది కోర్టులో పెడితే, అది ఏ పరికరం నుంచి ఎలా వచ్చిందో చెబుతూ ఒక సర్టిఫికెట్ జత చేయాలి. ఇది ఉత్త కాగితం పని అనుకోకండి. 2014లో అన్వర్ వర్సెస్ బషీర్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కేరళ ఎన్నికల ప్రచారంలోని పాటలు, ప్రసంగాలు ఉన్న సీడీలు. సర్టిఫికెట్ లేకపోవడంతో వాటిని సాక్ష్యంగా తీసుకోలేదు. అందులో ఏముందన్నదాకా విషయం వెళ్లనేలేదు.

2020 జులైలో వచ్చిన అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ తీర్పు మీకు ఇంకా దగ్గర. మహారాష్ట్రలోని జాల్నా అసెంబ్లీ స్థానంలో నామినేషన్ పత్రాలు గడువు దాటాక ఇచ్చారా అన్నది వివాదం. రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో కెమెరాలున్నాయి, ఫుటేజీ ఉంది. పిటిషన్ వేసినవాళ్లు ఎన్నిసార్లు అడిగినా అధికారులు సర్టిఫికెట్ ఇవ్వలేదు. అక్కడ కోర్టు మూడు మాటలు తేల్చింది. కాపీ పెడితే సర్టిఫికెట్ తప్పనిసరి. అసలు పరికరాన్నే దాని యజమాని బోనెక్కి, ఇది నాది, ఇందులో ఉన్నది ఇదీ అని చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వకపోతే, కోర్టును అడిగి ఇప్పించుకోవచ్చు. రెండో మాటను ఇంకోసారి చదవండి. మీ ఫోను మీ చేతిలో ఉంటే మీకు రెండు దారులున్నాయి. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తే ఒకటి మూసుకుపోతుంది, రెండోది బలహీనపడుతుంది.

కొత్త చట్టంలో సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి. మొదటిది పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, అంటే మీరు, సంతకం చేయాలి. రెండోది నిపుణుడు చేయాలి. రెండింటిలోనూ హాష్ విలువ రాయాలి. నిపుణుడికి ఫలానా డిగ్రీ ఉండాలని ఆ సెక్షన్‌లో లేదు. కాబట్టి తక్కువకు చేసిపెట్టేవారిని కాకుండా, రేపు బోనెక్కి గంటసేపు ఎదురు ప్రశ్నలకు నిలబడగలిగేవారిని చూసుకోండి. "కోర్టుకు వస్తారా?" అని ముందే అడగండి. రానన్నవారి సంతకం తీసుకోకండి.

హాష్ అంటే ఏమిటో మీ యార్డు భాషలోనే చెబుతాను. లారీ ఎక్కేటప్పుడు కాటా చీటీ, దిగేటప్పుడు కాటా చీటీ. రెండు బరువులూ కలిస్తే దారిలో సరుకు మారలేదనుకుంటాం. కానీ మంచి కాయ తీసేసి అదే బరువుకు తాలు కలిపితే కాటా పట్టుకోలేదు. హాష్ పట్టుకుంటుంది. ఫైలులోని ప్రతి బిట్టునూ లెక్కలోకి తీసుకుని ఒక సంఖ్యను తయారుచేస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాల పొడవుంటుంది. పదివేల పేజీల ఫైలులో ఒక్క కామా తీసేసినా ఆ 64 అక్షరాలూ గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. ఇవాళ తీసిన కాపీ హాష్, మూడేళ్ల తర్వాత కోర్టులో లెక్కేసిన హాష్ ఒకటే అయితే మధ్యలో ఎవరూ ముట్టుకోలేదన్నమాట. ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 కూడా సర్టిఫికెట్ నమూనాలో ఉన్నాయి. అయితే ఒకే హాష్ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను పరిశోధకులు ఎండీ5కు 2004లోనూ, ఎస్‌హెచ్‌ఏ-1కు 2017లోనూ తయారుచేసి చూపించారు. అందుకని ఎస్‌హెచ్‌ఏ-256 కూడా వేయమని అడగండి. ఆ సంఖ్యను అదే రోజు కాగితం మీద ప్రింటు తీసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి దాచండి.

కాల్ రికార్డింగుల ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. ముందు భాగం అనవసరమని కోయకండి, సౌండ్ పెంచకండి, పేరు కూడా మార్చకండి. గొంతు నాది కాదని ఆయన అంటే, గొంతు నమూనా ఇవ్వమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. 2019లో రితేష్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 349వ సెక్షన్‌లోనూ ఉంది. నమూనాతో పోల్చడానికి ల్యాబ్ వాళ్లకు శుభ్రమైన అసలు ఫైలు కావాలి. కోసి, పెంచి, వాట్సాప్‌లో తిప్పిన ముక్క ఇస్తే పోల్చడానికి వీలుపడటం లేదని రిపోర్టు వస్తుంది. ఆ కాల్ నిజంగా జరిగిందనడానికి సర్వీస్ ప్రొవైడర్ దగ్గర కాల్ రికార్డు (మాటలు కాదు, ఎవరు ఎవరికి ఎప్పుడు చేశారన్న వివరం) ఉంటుంది. 2021 డిసెంబరులో మార్చిన లైసెన్సు నిబంధన ప్రకారం వాళ్లు కనీసం రెండేళ్లు దాచాలి. అయితే మీ రికార్డింగులు ఫోను కాల్సా, వాట్సాప్ కాల్సా అన్నది మీరు రాయలేదు. వాట్సాప్ కాల్ అయితే ఆ కాల్ రికార్డులో మామూలు కాల్‌లా కనపడదు.

ఇప్పుడు మెయిల్ పాస్‌వర్డ్ సంగతి. వద్దు. మీ కోపం నాకు అర్థమవుతుంది, అందులో అసలు లెక్కలు ఉండొచ్చు కూడా. కానీ అనుమతి లేకుండా ఆయన ఖాతా తెరవడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందకు వస్తుంది. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉండొచ్చు. డబ్బు పోగొట్టుకున్న మీరే ముద్దాయి అవుతారు, పాపం మీ బావమరిది కూడా. ఆ మెయిల్స్ కావాలంటే కోర్టు ద్వారా తెప్పించే దారి ఉంది, వకీలుగారిని అడగండి.

ట్యాలీ కంప్యూటర్ దగ్గరకు వస్తే, మీరు ఇప్పటికే "రాత్రంతా కూర్చుని ఎంట్రీలు వెతికాను" అని రాశారు. ఇక ఆపండి. ఎందుకో ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక చిన్న సంస్థ యజమాని తన గుమాస్తా మీద అనుమానంతో ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చారు. తేవడానికి ముందు రాత్రి ఆయనే దాన్ని తెరిచి మూడు గంటలు వెతికారు, కొన్ని ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. గుమాస్తా చేసిన తప్పు నాకు కనపడింది, నిజంగానే చేశాడు. కానీ అదే డిస్కులో ఆ రాత్రి 9:40 నుంచి 12:50 దాకా వందల ఫైళ్ల తేదీలు మారి ఉన్నాయి. బోనులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఆ మూడు గంటలు ఈ ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరుంది?" ఉన్నది చెప్పాను. "అయితే ఈ ఎంట్రీలు ఆయనే పెట్టి ఉండొచ్చు కదా?" అన్నారు. అలా జరగలేదని నాకు తెలుసు. జరగడానికి వీల్లేదని మాత్రం చెప్పలేకపోయాను. ఆ రోజు కోర్టు బయట ఆ పెద్దమనిషి నా చేతులు పట్టుకుని అడిగిన మాట ఇంకా గుర్తుంది, "నా ల్యాప్‌టాప్ నేను చూసుకోవడం తప్పా?" తప్పు కాదండీ. ముందు కాపీ తీయించి, ఆ కాపీలో చూసుకోవాల్సింది.

మేము చేసేదీ అదే. డిస్కును రైట్ బ్లాకర్ అనే చిన్న పెట్టె ద్వారా కలుపుతాం. దాని గుండా చదవొచ్చు గానీ అసలు డిస్కు మీద ఒక్క బిట్టు కూడా రాయలేం. మొదటి సెక్టారు నుంచి చివరి దాకా, ఖాళీగా కనపడే చోటుతో సహా, ఇమేజ్ తీసి హాష్ లెక్కేస్తాం. ఆ తర్వాత వెతుకులాటంతా ఆ ఇమేజ్ మీదే. ఖాళీ చోటు ఎందుకంటే, పాతరకం హార్డ్ డిస్కులో డిలీట్ చేసిన ఫైలు దాని మీద కొత్తది పడేవరకు అక్కడే ఉంటుంది. మీది ఎస్ఎస్‌డీ (కొత్తరకం డిస్కు) అయితే ఆశ తక్కువ. ట్రిమ్ అనే పద్ధతి వల్ల డిలీట్ చేసినవాటిని అది తనంతట తానే తుడిచేసుకుంటుంది. ఎంతసేపు ఆన్‌లో ఉంటే అంత నష్టం. ట్యాలీలో ఎడిట్ లాగ్ ఆన్ అయి ఉంటే మీ పంట పండినట్టే, ఏ ఎంట్రీని ఎవరి లాగిన్‌తో ఎప్పుడు మార్చారో అందులో ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలకు అలాంటి జాడ ఉంచడం తప్పనిసరి చేశారు గానీ మీలాంటి భాగస్వామ్య సంస్థలకు కాదు. కాబట్టి ఉండొచ్చు, లేకపోవచ్చు. మీరు తెరిచి చూడకండి, ఇమేజ్ తీశాక చూద్దాం.

బ్యాంకు స్టేట్‌మెంట్లు మీ కొట్టు ఖాతావి మీరే తీసుకోవచ్చు. యాప్‌లోంచి డౌన్‌లోడ్ చేసినవి కాకుండా, బ్రాంచికి వెళ్లి 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద సర్టిఫై చేసి ఇమ్మని లిఖితపూర్వకంగా అడగండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. మామూలు 100 పేజీల పుస్తకం చాలు. ఫోను మోడల్, *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ, డిస్కు మీద ఉన్న సీరియల్ నెంబరు, ఏ రోజు ఏ గంటకు బీరువాలో పెట్టారు, ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్నీ రాయండి. మధ్యలో ఫోను ఒకసారి ఛార్జింగ్ పెట్టినా రాయండి. రాత్రి ల్యాప్‌టాప్ తెరిచిన ఆ పెద్దమనిషి దగ్గర లేనిది ఈ పుస్తకమే. మీరు ట్యాలీలో వెతికిన రాత్రి గురించి కూడా దాచకుండా రాయండి, ఏ తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏమేం తెరిచారు అని. అవతలివాళ్లు బయటపెట్టేకంటే మీరే ముందు చెబితే దాని బరువు వేరుగా ఉంటుంది.

పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లి వాళ్లు ఫోను స్వాధీనం చేసుకుంటే భయపడకండి. బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం సోదా, జప్తు ఇప్పుడు వీడియో తీయాలి. జప్తు జాబితాలో ఐఎంఈఐ పడిందో లేదో చూసి, జాబితా కాపీ అడిగి తీసుకోండి. సీలు మీ ఎదురుగా వేయమనండి. దానికి ముందే మీ తరఫున ఇమేజ్ తీయించి ఉంటే ఇంకా మంచిది. కేసు నాలుగైదేళ్లు నడిస్తే అప్పటికి ఆ ఫోను బ్యాటరీ ఉబ్బిపోయి తెరుచుకోకపోవచ్చు. ఇమేజ్ రెండు కాపీలు, ఒకటి మీ ఇంట్లో, ఒకటి వకీలుగారి దగ్గర ఉంచండి.

ఇది చదవడం అవ్వగానే కొట్టుకు వెళ్లి డీవీఆర్ తెర, ఫోను గడియారం కలిపి ఆ ఫొటో తీయండి. తర్వాత డీవీఆర్ మోడల్, డిస్కు ఎన్ని టీబీ, అందులో దొరుకుతున్న అన్నిటికన్నా పాత తేదీ ఏది అన్న మూడు వివరాలు రాయండి. ఆ తేదీ చూస్తే మీకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చెప్పగలను.